ఆదికిచ్చిన ఇల్లు

మా మేనత్త మెడలోంచి టేపు తీయదు. ఇళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా అతను రోజూ ఉదయం చేతిలోని యంత్రాన్ని ఆమె చుట్టూ తిప్పుతాడు. టేపు కొసనున్న ఇత్తడి రేకు దగ్గరికి రాగానే అది కుయ్యిమంటుంది.

"రోజూ ఇదేనా మేడమ్?" అంటాడతను.

"రోజూ నేనేగా వచ్చేది," అంటుంది అత్త.

రెండేళ్లుగా ఇద్దరూ ఇదే మాట అనుకుంటున్నారు, ఇద్దరికీ విసుగు రాలేదు.

అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు అత్త బట్టలు కుట్టింది. మా వీధిలో, ముందు గదిలోనే కొట్టు. గది ఎనిమిది అడుగులు ఉంటుంది. మిషనుకి ఎడమ పక్కన కిటికీ, ఆ వెలుగు సరిగ్గా సూది మీద పడేది. స్కూలు యూనిఫారాలు, చొక్కాలు, గౌన్లు, నర్సుల తెల్లకోట్లు కుట్టేది. కొలతలివ్వడానికి సిగ్గుపడేవాళ్లూ, నిలబడే తీరిక లేనివాళ్లూ తమకి బాగా అమరిన పాత బట్ట ఒకటి తెచ్చి, "ఇదిగో ఆది, దీన్ని చూసి కుట్టెయ్," అని ఇచ్చిపోయేవారు. అత్త ఆ ఆదిని బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సర్ది, టేపు పెట్టి, వచ్చిన అంకెకి ఒక అంగుళం కలిపి రాసుకునేది. ఆ అంగుళం కుట్టు లోపలికి పోతుంది. అది కలపకపోతే బట్ట ఒంటికి బిగిసిపోతుంది. కలపాలని ఆమె ఎప్పుడూ అనుకునేది కాదు. చెప్పులేసుకునేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలో మనం ఆలోచించం కదా, అలా కలిపేసేది.

సరిపోని బట్టని ఆమె ఎన్నడూ సరిపోయిందనలేదు. ఒకసారి ఒక గుమాస్తా కొత్త కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని మురిసిపోతున్నాడు.

"భుజం దగ్గర నాకు నచ్చలేదు. విప్పండి," అంది అత్త.

"అరగంటలో ఇంటర్వ్యూ ఉందమ్మా. ఎవరు చూస్తారు?"

"ఇంటర్వ్యూ చేసేవాళ్లకి కళ్లుండవా?"

ఆయన బనీనుతో స్టూలు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే, పావుగంటలో భుజం విప్పి మళ్లీ కుట్టి పంపింది. ఉద్యోగం వచ్చిందో లేదో తెలియదు. కోటు మాత్రం అమరింది.

మా వీధి ఇళ్లు ఒకే వరసలో నలభై. అన్నీ ఒకే కాలంలో కట్టినవి, ఒకే కాలంలో చెమ్మ పట్టినవి. వాటిని తీసేసి, వీధికి అవతలి ఖాళీ జాగాలో ఫ్యాక్టరీలో చేసిన ఇళ్లు తెచ్చి నిలబెడతామన్నారు. కొత్త ఇల్లు లేచేదాకా ఎవరి పాత ఇంట్లో వాళ్లు ఉండొచ్చు. ఊరి చివర పొడుగాటి షెడ్డు ఒకటి వెలిసింది. లోపల పట్టాల మీద పడుకోబెట్టిన గోడలు నడుస్తుంటాయి. వాటి మీద పసుపురంగు ఇనపచెయ్యి వంగి, చెక్క కోసి, కిటికీకి కన్నం పెట్టి, మేకులు దించి, రంగు చల్లుతుంది. ఒక ఇంటి గోడలన్నీ ఒక పూటలో అయిపోతాయి. లారీలో తెచ్చి బోల్టులు బిగిస్తే సాయంత్రానికి ఇల్లు నిలబడుతుంది. ఆ చేతికి షెడ్డులో వాళ్లు పెట్టుకున్న పేరు కొత్తల్లుడు. చుట్టూ నలుగురు నిలబడి చూసుకోవాలి, ఎవరూ ముట్టుకోకూడదు, చెక్క వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఆగిపోతాడు. "అల్లుడుగారు అలిగారు," అని కేక వినబడితే ఇంజనీరు తింటున్నది వదిలేసి పరిగెత్తుతాడు.

ఆ ఇంజనీరు కుర్రవాడే. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి ఒకరోజు కొట్టుకొచ్చి అత్త దగ్గర తన గోడు వెళ్లబోసుకున్నాడు. కంపెనీ నాలుగు రకాల ఇళ్ల బొమ్మలిచ్చింది. ఐదో పేజీలో 'మీ సొంత కొలతలు' అని ఖాళీ గళ్లు కూడా ఇచ్చింది. నలభై కుటుంబాల్లో ముప్పై ఏడు రెండో రకం ఇల్లే కోరుకున్నాయి. ఐదో పేజీ ఒక్కరూ ముట్టుకోలేదు.

"యంత్రానికి నలభై ఇళ్లు నలభై రకాలుగా చేసినా ఒకటే శ్రమ మేడమ్. చివరికి ఇళ్లన్నీ ఒకేలా వస్తే మళ్లీ యంత్రాన్నే తిడతారు."

రెండో రకాన్ని మొదట కోరుకున్నది మొదటింటి మంగలి. అతన్ని చూసి మిగతా వాళ్లు టిక్కు పెట్టారు. అదే ఎందుకు నచ్చిందని ఇంజనీరు అడిగితే, "ఆ బొమ్మలో ఇంటి ముందు సైకిలుంది. నాకూ సైకిలుంది," అన్నాడట.

అత్త నోట్లోని గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది.

"కాగితం ఇచ్చి అడిగితే ఎవరు చెబుతారు నాయనా? నీ కాలు పొడవెంతని నేను నిన్ను అడిగానా? నిలబడమన్నాను."

వారం తిరిగేసరికి కంపెనీ ఆమెని ఇళ్ల కొలతలకి పెట్టుకుంది.

అత్త ఇంటింటికీ వెళ్లి మనుషుల్ని కొలిచింది. మంగలి భార్యని వంటింట్లో నిలబెట్టి అడిగింది.

"కూరగాయలు ఎక్కడ తరుగుతావు?"

"ఎక్కడేంటి, నేల మీద."

"గట్టు ఉందిగా?"

"ఎత్తు వదినా. భుజం లాగేస్తుంది."

"పదిహేనేళ్లుగా లాగుతుంటే ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? గట్టుకి చెబితే దిగుతుందా?"

"నాకు చెప్పొచ్చుగా," అన్నాడు మంగలి గుమ్మంలోంచి.

"నీకు చెప్పేకంటే గట్టుకి చెప్పడమే నయం."

అత్త ఆమె మోచెయ్యి వంచమని, అక్కడికి నాలుగు వేళ్లు దిగువన గోడ మీద సుద్దగీత పెట్టింది. పొద్దున గడ్డం గీసుకోవడానికి మంగలి తూర్పు కిటికీ దగ్గర ఎక్కడ నిలబడతాడో చూసి అక్కడ అద్దానికి చోటు రాసుకుంది. అలా అడగ్గా అడగ్గా ఒకరికి కూర్చుని బూట్లు విప్పుకునే చోటు కావాలని తేలింది, ఇంకొకరికి చదువుకునే పిల్లకీ గురక పెట్టే తాతకీ మధ్య గోడ కావాలని తేలింది. నలభైలో ముప్పై ఒక్క ఇళ్లకి ఐదో పేజీ నిండింది. ఇవన్నీ ఒంటి మీద తీసిన కొలతలు, ఎంత వస్తే అంతే రాసింది. ఒక్కటీ తప్పలేదు.

ఇక టెలిఫోనక్క ఇల్లు మిగిలింది.

ఆస్పత్రిలో ఫోన్లు కలిపేది కాబట్టి వీధంతా ఆమెని అలాగే పిలుస్తుంది. నలభై ఏళ్లుంటాయి, అత్త కంటే జానెడు ఎత్తు. ఇరవయ్యో ఏట జ్వరమొచ్చి కళ్లు పోయాయి. వీధిలో కర్ర పట్టుకుంటుంది గానీ ఇంట్లో అడుగు పెట్టగానే దాన్ని తలుపు వెనక నిలబెట్టేస్తుంది. ఇంట్లో ఆమె గోడ తడమదు. మంచం మీంచి లేస్తే వంటింటి తలుపు, గట్టు, పొయ్యి, కుళాయి, డబ్బాల అర అన్నీ ఒకే వరసలో వస్తాయి. నడుచుకుంటూ వెళ్లి చెయ్యి చాపుతుంది, కావలసింది చేతిలో ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకి ఆమెకి కనబడదంటే నమ్మకం కుదరదు.

ఆమె తమ్ముడు అదే ఆస్పత్రిలో అంబులెన్సు నడుపుతాడు. రోజూ కాలినవాళ్లనీ, జారిపడ్డవాళ్లనీ తెచ్చి దింపే మనిషి. ఇల్లు మారుతుందనగానే అతనికి నిద్ర పట్టడం మానేసింది.

"ఇరవై ఏళ్లుగా ఇదే ఇల్లు కాబట్టి నెట్టుకొచ్చావక్కా. కొత్త ఇంట్లో పొయ్యెక్కడుందో, కుళాయెక్కడుందో. మా ఇంటికి వచ్చెయ్. ఒక గది నీకే ఇస్తాం."

"ఇచ్చి?"

"ఇచ్చి ఏంటి? హాయిగా కూర్చో."

"కూర్చోడానికే అయితే ఆస్పత్రిలో కుర్చీ ఉందిగా."

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి టెలిఫోనక్క పందెం వేసింది. కొత్త ఇంట్లో మొదటి రోజే గోడ తడమకుండా నడిచి, టీ పెట్టి తమ్ముడి చేతికిస్తుంది. ఇవ్వలేకపోతే ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని వాళ్లింటికి వెళ్లిపోతుంది. ఈ మాట అత్త ఎదుటే అనుకున్నారు.

తమ్ముడు వెళ్లాక టెలిఫోనక్క మంచం మీద కూర్చుండిపోయింది.

"అనేశాను గానీ పిన్నీ, ఎలా పెడతానో నాకూ తెలియదు."

అత్త గది చుట్టూ చూసింది. "ఒంటికి అమరిన పాతదుంటే కొత్తది కుట్టడానికి భయమెందుకే పిల్లా? ఈ ఇంటినే ఆదికివ్వు."

మర్నాడు పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా కొలిచాం. టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. టెలిఫోనక్క మంచం మీంచి లేచి వంటింట్లోకి వెళ్లి వచ్చేది. అత్త వెనకే వంగి నడుస్తూ ఆమె ఆగిన ప్రతిచోటా నేల మీద సుద్దగీత పెట్టేది. అలా ఆరుసార్లు నడిచింది. ఆరుసార్లూ కాలు ఆ గీతల మీదే పడింది.

"ఇంత ఖచ్చితంగా నా టేపు కూడా ఉండదు," అంది అత్త.

ఎత్తులు టెలిఫోనక్క ఒంటి మీద తీసింది. పొడవులు ఇంటి మీద తీసింది. మంచం నుంచి తలుపుకి, తలుపు నుంచి గట్టు అంచుకి, అక్కణ్ణించి పొయ్యికి, పొయ్యి నుంచి కుళాయికి, కుళాయి నుంచి డబ్బాల అరకి. ఐదు అంకెలు, నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసుకుంది. పక్కనే ఉన్నా నాకే అనుమానమూ రాలేదు.

గోడలు కోసిన రోజు అత్త షెడ్డులోనే ఉంది. కొత్తల్లుడు అలగలేదు. తలుపు కన్నం, అరకి గాడి, కుళాయి గొట్టానికి దారి అన్నీ ఆమె రాసిన అంకెల ప్రకారం కోసుకుంటూ పోయాడు. పాత మేస్త్రి ఒకాయన ఆమె పక్కన నిలబడి, "ఇదే పని నేను చేస్తే, 'ఇక్కడెందుకమ్మా, అక్కడైతే బాగుంటుంది' అని ఒక్కసారైనా అనేవాణ్ణి. వీడు అనడు," అన్నాడు.

"మంచిదేగా."

"మంచిదే. కానీ తప్పు చెప్పినా అనడు."

అత్త నవ్వింది. తర్వాత ఆ మాట నాకు చాలాసార్లు చెప్పింది.

ఇల్లు శుక్రవారం లేచింది. శనివారం పొద్దున తమ్ముడు సామాను తెచ్చి, అక్క చెప్పినట్టే పాత వరసలో సర్దాడు. మంచం అత్త గీసిన గీత మీద పెట్టాడు. అరలో మొదటి గడిలో ఉప్పు, రెండో గడిలో పంచదార. రెండూ ఒకే రకం డబ్బాలు, చోటును బట్టే గుర్తు. గది కొత్త చెక్కవాసన వేస్తోంది. తమ్ముడు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అత్తా నేనూ గోడకానుకున్నాం. టెలిఫోనక్క కర్రని తలుపు వెనక నిలబెట్టి, మంచం మీద ఒక్క క్షణం కూర్చుని లేచింది.

తలుపు సులువుగానే దాటింది. గిన్నె కుళాయి కింద పెట్టి తిప్పింది, నీళ్లు గిన్నె అంచు మీద పడి చప్పుడైంది. ఆమె తల కొద్దిగా వంచి విని గిన్నె జరిపింది. పొయ్యి మీట కోసం చాపిన చెయ్యి ముందు పొయ్యి అంచుకి తగిలింది. తమ్ముడు ఒక అడుగు ముందుకేసి ఆగాడు. ఆమె వేళ్లు పక్కకి జారి మీట పట్టుకున్నాయి. మంట వెలిగింది. పాలు పోసింది, టీ పొడి వేసింది, పొంగేదాకా ఆగి దింపింది. మూడు కప్పుల్లో పోసి, అరలోంచి డబ్బా తీసి రెండు కప్పుల్లో చెంచాడు చెంచాడు వేసి కలిపింది. తను తీపి తాగదు. కప్పులు తెచ్చి తమ్ముడికొకటి, అత్తకొకటి ఇచ్చింది. ఒక్కసారి కూడా గోడ తడమలేదు.

తమ్ముడు ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, అత్త వైపు చూశాడు. అత్త కూడా తాగింది.

టెలిఫోనక్క తన కప్పు పట్టుకుని మంచం మీద కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. "ఎవరూ మాట్లాడరేం? బాగుందా?"

తమ్ముడు బాగుందంటే పందెం అక్కదే అయ్యేది. అతనలా అనేసేవాడేమోనని నాకిప్పటికీ అనిపిస్తుంది. అత్త కప్పు కింద పెట్టింది.

"ఉప్పు వేశావు తల్లీ."

టెలిఫోనక్క మొహం మెల్లగా కిందికి వాలింది. "నేను పంచదార చోట్లోనే చెయ్యి పెట్టాను," అంది నెమ్మదిగా.

అత్త మెడలోంచి టేపు తీసింది. మంచం నుంచి తలుపుకి, తలుపు నుంచి గట్టుకి కొలుస్తూ నోటుబుక్కు తెరిచి ఒక్కొక్క అంకె సరిచూసింది. అన్నీ రాసింది రాసినట్టే ఉన్నాయి. తర్వాత బుక్కు మూసి గుమ్మం దాటి వెళ్లింది. పాత ఇల్లు ఇంకా కూల్చలేదు, వీధికి అవతల తాళం వేసి ఉంది. తాళం తీసి అక్కడా కొలిచి, పది నిమిషాల్లో తిరిగొచ్చింది. నిలబడే చెప్పింది.

"తప్పు నీ చేతిది కాదు, యంత్రానిదీ కాదు. ఆది కదా అని ప్రతి కొలతకీ కుట్టుకోసం అంగుళం కలిపేశాను. చెక్కకి కుట్టెక్కడిది? తలుపు దగ్గర ఒక అంగుళం, గట్టు దగ్గర రెండు, అరకి వచ్చేసరికి ఐదయ్యాయి. అరలో గడి వెడల్పు ఐదంగుళాలు. పంచదార ఉండాల్సిన చోటికి ఉప్పొచ్చి కూర్చుంది."

"అంటే నా చెయ్యి సరిగ్గానే పడింది," అంది టెలిఫోనక్క.

"సరిగ్గానే పడింది. ఇల్లే నీకు వదులైంది."

తమ్ముడు మంచం అంచున కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరి తప్పైతే ఏంటి పిన్నిగారూ. ఇవాళ ఉప్పు. రేపు పొయ్యి మీట అనుకుని మంట మీద చెయ్యి పెడితే? పందెం పందెమే అక్కా. పెట్టె సర్దుకో."

"ఒక్క వారం ఇవ్వు బాబూ," అంది అత్త. "తప్పు కుట్టింది నేను. విప్పి కుట్టకుండా ఇంటికి పంపడం నాకు చేతకాదు. వచ్చే శనివారం మళ్లీ పెట్టనీ. అప్పుడూ ఉప్పైతే నేనే పెట్టె మోసుకొస్తా."

అతను ఒప్పుకున్నాడు గానీ ఆ వారం అక్కని తనింట్లోనే ఉంచుకున్నాడు. ఆమె కర్ర తీసుకుని, తలుపు వెయ్యమని కూడా చెప్పకుండా వెళ్లింది.

సోమవారం ఇంజనీరు సవరణ కాగితం తీశాడు. గట్టు, అర, కుళాయి అన్నీ ఒకే గోడకి బిగించి ఉన్నాయి, సరైన కొలతలతో ఆ గోడ ఇంకొకటి కోయాలి. కాగితంలో మూడు గళ్లున్నాయి: యంత్రం లోపం, కొలత లోపం, ఇంటివాళ్ల కోరిక.

"ఇంటివాళ్ల కోరిక అని పెడదాం మేడమ్. మీ పేరు ఎక్కడా రాదు."

"అలా పెడితే గోడ ఎప్పుడొస్తుంది?"

"వరసలో రావాలి. రెండు మూడు నెలలు."

"కొలత లోపమంటే?"

"వెంటనే కోస్తాం, తొమ్మిది రోజుల్లో వచ్చేస్తుంది. కానీ ఈ ఏడాది ఆఖరిదాకా ఐదో పేజీ మీ చేతికివ్వరు. ఆ నాలుగు బొమ్మల ఇళ్లకే పంపుతారు."

అత్త పెన్ను తీసుకుని రెండో గడిలో టిక్కు పెట్టి, పేరు పూర్తిగా రాసి, కాగితం తిప్పి అతని ముందుకి తోసింది.

తొమ్మిది రోజులంటే శనివారం దాటిపోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. మంగళ, బుధవారాలు ఆమె నోటుబుక్కు ముందేసుకునే కూర్చుంది. గురువారం పొద్దున మా నాన్న తన చొక్కా ఒకటి తెచ్చి ఆమె ముందు పడేశాడు. ఆయన ఆమెకి తమ్ముడు, చిక్కిపోయానని ఆయన అనుమానం.

"అక్కా, ఇది గోనెసంచిలా ఉంది. అన్ని కుట్లూ విప్పాలా?"

"అన్నీ ఎందుకురా, రెండు పక్కలా చెరి సగం లాగితే..." అంటూ చొక్కా చేతిలో పట్టుకుని ఆగిపోయింది. నాన్న కాసేపు చూసి, "చొక్కా చిరిగిందా ఏంటి?" అన్నాడు. ఆమె వినలేదు. నోటుబుక్కు తెరిచి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని వరసగా రాసి, మధ్యలోని మూడు చుట్టూ సున్నా చుట్టింది.

శనివారం తమ్ముడు, టెలిఫోనక్క వచ్చేసరికి మేం చేసిన పని ఒక్కటే. మంచాన్ని వంటింటి వైపు మూడంగుళాలు జరిపాం.

"మోసం ఏదీ లేదు, ముందే చెబుతున్నా," అంది అత్త. "నువ్వు బయల్దేరే చోటు మూడంగుళాలు ముందుకొచ్చింది. తలుపు రెండంగుళాలు ముందే వస్తుంది, గట్టు ఒకటి ముందే వస్తుంది. పొయ్యి సరిగ్గా ఉంటుంది. కుళాయి ఒకటి, అర రెండు దూరంగా ఉంటాయి. అన్నీ కాస్త కాస్త తప్పే. ఏదీ నీ చెయ్యి దాటిపోయేంత తప్పు కాదు."

"మంచం జరపడం మోసం కాదా?" అన్నాడు తమ్ముడు.

"నీ చొక్కా పక్కలు లాగింది మోసమేనా?"

అతను తన చొక్కా చూసుకున్నాడు. అది అత్త కుట్టిందే.

టెలిఫోనక్క మంచం మీద కూర్చుని లేచింది. తలుపు దాటుతుంటే భుజం చట్రానికి కాస్త రాసుకుంది. పొయ్యి మీట సరిగ్గా చేతికే వచ్చింది, తమ్ముడు అప్పుడు ఊపిరి వదలడం నాకు వినబడింది. కుళాయి నీళ్లు గిన్నె మధ్యలో కాకపోయినా గిన్నెలోనే పడ్డాయి. అర దగ్గర ఆమె చెయ్యి డబ్బా అంచుని తాకి, ఆగి, దాన్ని దగ్గరికి లాక్కుంది. మూత తీసి వేలు నాకి చూసుకోవచ్చు. చూసుకోలేదు. రెండు కప్పుల్లో చెంచాడు చెంచాడు వేసింది.

తమ్ముడు కప్పు తీసుకుని చాలాసేపు ఊదాడు. తర్వాత తాగాడు. ఒక గుక్క, ఇంకో గుక్క, చివరిదాకా.

"ఏరా?" అంది టెలిఫోనక్క.

"పంచదార ఎక్కువైంది," అన్నాడు. "మా ఇంట్లో ఉన్న నీ పెట్టె సాయంత్రం తెచ్చిస్తాను."

తొమ్మిది రోజులన్న గోడ ఇరవై రెండో రోజున వచ్చింది. మధ్యలో అల్లుడుగారు రెండుసార్లు అలిగారు. లారీ వాళ్లు బోల్టులు విప్పబోతుంటే టెలిఫోనక్క తలుపుకడ్డంగా నిలబడింది.

"వద్దు పిన్నీ. దీనికి అలవాటు పడిపోయాను. ఇప్పుడు మారిస్తే మళ్లీ ఉప్పే."

"అది సరైన కొలతే పిల్లా. నీ పాత ఇల్లు ఎలా ఉండేదో అచ్చం అలాగే."

"సరైనదే. కానీ ఇప్పుడు నేనిక్కడున్నాను."

గోడ తిరిగి ఫ్యాక్టరీకెళ్లి షెడ్డు బయట రేకుల కింద నిలబడింది. దాని మీద సుద్దతో అత్త పేరు రాసి ఉంది, రోజూ గేటు దాటగానే అదే కనబడేది. ఆ ఏడాదంతా ఆమె బొమ్మల ఇళ్లకే వెళ్లింది. కొత్త వీధుల్లో జనం మళ్లీ సైకిలున్న ఇల్లు కోరుకుంటుంటే కొలత కోసం చెయ్యెత్తమనడానికి వీల్లేక టిక్కులు పెట్టించుకుని వచ్చేసేది.

మా వరసలో ఆఖరిది అత్త ఇల్లు. తన ఐదో పేజీ ఆమె ఎప్పుడూ నింపలేదు. పండక్కి కూడా అందరి బట్టలూ అయ్యాకే తనది కుట్టుకునే మనిషి. ఇంజనీరు అడిగితే, "మిషను పక్కన ఎడమవైపు కిటికీ పెట్టు. వంటింటికి ఆ రేకుల కింద ఉన్న గోడ వేసెయ్," అంది.

"అది వేరేవాళ్ల కొలత మేడమ్. గట్టు మీకు ఎత్తవుతుంది."

"నా తప్పు నేను తొడుక్కుంటా. పారేస్తే మంచి చెక్క పోతుంది."

ఆమె గృహప్రవేశానికి ఎవరినీ పిలవలేదు. నెల తర్వాత ఒక ఆదివారం సాయంత్రం టెలిఫోనక్క ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చింది. అత్త లేవబోతే, "కూర్చో పిన్నీ, నేను పెడతా," అని కర్ర తలుపు వెనక నిలబెట్టింది. కొత్త ఇల్లు కదా, వంటింటి చట్రం దాకా చెయ్యి గోడ మీద పెట్టుకునే నడిచింది. చట్రం దాటి ఒకడుగు వేశాక ఆ చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

గట్టు అంచు. పొయ్యి. కుళాయి. ఆమె ఆగకుండా నడిచి, అర ముందు నిలబడి, రెండో గడిలో చెయ్యి పెట్టి డబ్బా పట్టుకుంది. కానీ తీయలేదు. అలాగే నిలబడి రెండో చేత్తో అర చెక్క అంచుని, గట్టు మూలని, పొయ్యి పక్కనున్న గోడని తాకుతూ వచ్చింది. వంటింట్లో ఆమె గోడ తడమడం నేను చూసింది అప్పుడే.

"ఇది మా పాత వంటిల్లు," అంది.

"నీదే," అంది అత్త మిషను దగ్గర నుంచి.

తర్వాత టెలిఫోనక్క కాలికి గట్టు కింద పీట తగిలింది. వంగి దాన్ని తడిమి చూసింది.

"గట్టు నీకు ఎత్తు కదా?"

"ఎత్తే. పీటెక్కుతున్నా."

"మరి సరిపోయిందా పిన్నీ?"

"నాకు సరిపోలేదు," అంది అత్త. "నీకు సరిపోయింది."

టెలిఫోనక్క పీటని పక్కకి జరిపి, గిన్నె తీసి కుళాయి కింద పెట్టింది. నీళ్లు సరిగ్గా గిన్నె మధ్యలో పడుతున్నాయి.

"అయితే అప్పుడప్పుడూ వచ్చి తొడుక్కుంటా," అంది.